ఫొటో తీసింది... పేరు అడగలేదు

ఆ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఏ పుస్తకంలోనో, ఏ పత్రికలోనో. చిరుగుల బట్టల్లో ఒక తల్లి. చెరో భుజం మీదా తల వాల్చి, మొహాలు అటు తిప్పేసుకున్న ఇద్దరు పిల్లలు. ఒళ్లో మూటలాగా చుట్టిన పసిగుడ్డు. చెయ్యి చెంప దగ్గర పెట్టుకుని ఆ తల్లి ఎటో చూస్తూంటుంది. రాత్రికి పొయ్యిమీద ఏం పెట్టాలో తెలియని ఇల్లాలి చూపు అది. మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

‘మైగ్రెంట్ మదర్’, అంటే వలస తల్లి అని ఆ ఫొటోకి పేరు. 1936 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, నిపోమో అనే ఊరి దగ్గర డొరోతియా లాంగ్ తీసింది. డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ గురించి ఎవరు మాట్లాడినా ఈ ఫొటో దగ్గర కాసేపు ఆగాల్సిందే. తీసినావిడకి ప్రపంచమంతా పేరొచ్చింది. ఫొటోలో ఉన్నావిడ పేరు మాత్రం 42 ఏళ్లపాటు లోకానికి తెలీదు.

కిటికీలోంచి చూసి...

డొరోతియా 1895లో పుట్టింది. ఏడేళ్ల వయసులో పోలియో వచ్చి కుడికాలు దెబ్బతింది. జీవితాంతం కుంటుతూనే నడిచింది. పన్నెండేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పెద్దయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టూడియో పెట్టి, కలిగినవాళ్ల ఇంటి ఫొటోలు తీసి బాగానే సంపాదించుకుంది. 1929లో అక్కడి షేర్ల మార్కెట్టు కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. స్టూడియో కిటికీలోంచి కిందికి చూస్తే పనుల్లేక తిరుగుతున్న మనుషులే. లోపల దీపాలు సర్ది ఎవరినో అందంగా కూర్చోబెట్టి ఫొటో తీయడం ఆమెకి ఇక రుచించలేదు. 1933లో కెమెరా పట్టుకుని వీధిలోకి దిగింది. ధర్మానికి తిండి పెట్టేచోట, గుంపుకి వీపు తిప్పి, చేతుల మధ్య రేకు కప్పు పెట్టుకుని కటకటాల మీదికి వంగిన ముసలాయన ఫొటో అప్పటిదే.

అప్పట్లో ఓక్లహామా, టెక్సాస్ వంటి చోట్ల కరువుకి తోడు దుమ్ము తుఫాన్లు. పొలాలు పోయిన కుటుంబాలు సామానంతా పాత కార్లమీద కట్టుకుని కాలిఫోర్నియా దారి పట్టాయి. అక్కడ పండు కోత, పత్తి తీత, బఠాణీ కోత. ఒక పంట అయిపోగానే ఇంకో ఊరు. సర్కారు వారి సహాయ పథకాలకి జనం మద్దతు కావాలంటే ఈ బతుకులు జనానికి కనబడాలి కదా! అందుకోసం ప్రభుత్వమే ఫొటోగ్రాఫర్లను జీతానికి పెట్టుకుంది. 1935 నుంచి వాళ్లలో డొరోతియా ఒకరు.

ఇంత తిరుగుడులో ఇద్దరు కొడుకుల్నీ చాలాసార్లు డబ్బిచ్చి వేరేవాళ్ల ఇళ్లలో ఉంచేది. ఆ పిల్లలకి అది మానని గాయమే. ఊళ్లోవాళ్ల పిల్లల ఆకలి చూపించడానికి వెళ్లిన తల్లి, తన పిల్లల్ని వదిలి వెళ్లింది. (అదే పనిమీద తిరిగిన మగ ఫొటోగ్రాఫర్లని ‘పిల్లల్నెక్కడ ఉంచావు నాయనా’ అని ఎవరూ అడగరనుకోండి!)

ఆ పది నిమిషాలు

నెలరోజుల తిరుగుడు అయిపోయింది. వానలో ఒక్కతే కారు నడుపుకుంటూ ఇంటికి వెళుతోంది డొరోతియా. రోడ్డు పక్కన ‘బఠాణీ కూలీల మకాం’ అని బోర్డు కనిపించింది. ఆగలేదు. ఇంక చాల్లే అనుకుంది. ఇరవై మైళ్లు పోయాక మనసు ఒప్పక కారు వెనక్కి తిప్పింది. బురదలో వేసిన ఒక డేరా కింద ఆ తల్లి కనిపించింది. దూరం నుంచి మొదలుపెట్టి, దగ్గరికి జరుగుతూ జరుగుతూ ఫొటోలు తీసింది. పేరు అడగలేదు. ఎక్కణ్నుంచి వచ్చారనీ అడగలేదు. వయసు 32 అని ఆ తల్లే చెప్పింది. చలికి బఠాణీ పంటంతా పాడైపోయి పనుల్లేవనీ, పొలాల్లో గడ్డకట్టిన కూరలూ, పిల్లలు కొట్టి తెచ్చిన పిట్టలూ తింటున్నారనీ, తిండికోసం కారు టైర్లు కూడా అమ్ముకున్నారనీ డొరోతియా రాసింది. మొత్తం పది నిమిషాల పని.

ఈ ఫొటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో రాగానే కదలిక వచ్చింది. ఆ మకాంకి 20 వేల పౌన్ల ఆహారం, అంటే దాదాపు 9 టన్నులు, హుటాహుటిన పంపారు. ఎందరి కడుపులో నిండాయి. అయితే అది చేరేసరికి ఫొటోలో ఉన్న తల్లీ పిల్లలూ అక్కడ లేరు. కారు బాగుచేసుకుని ముందుకి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆవిడ మాట

ఆవిడ పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరొకీ తెగ మనిషి. 1903లో ఓక్లహామా ప్రాంతంలో పుట్టింది. పదిహేడో ఏట పెళ్లి. 1931లో భర్త క్షయతో పోయేనాటికి ఆరోబిడ్డ కడుపులో ఉంది. పత్తి తీసింది, హోటల్లో వడ్డించింది, ఏ పని దొరికితే ఆ పని చేసింది. 1978లో ఒక స్థానిక పత్రిక ద్వారా బయటికి వచ్చి తనెవరో చెప్పేదాకా ఈ కథ ఎవరికీ తెలీదు.

ఫ్లారెన్స్ కుటుంబం చెప్పేది వింటే ఆ పది నిమిషాలు వేరేగా ఉంటాయి. వాళ్లు ఆ మకాం కూలీలు కానే కాదు. వేరే ఊళ్లో పని వెతుక్కుంటూ వెళుతుంటే కారు చెడిపోయి అక్కడ ఆగారు. మగమనిషి, మగపిల్లలు విడిభాగాలు బాగుచేయించడానికి టౌనుకి వెళ్లిన సమయంలో ఈ కెమెరావిడ వచ్చింది. టైర్లు అమ్ముకోవడమేమిటి, అమ్ముకుంటే ముందుకెలా పోతాం అంటారు కొడుకులు. బహుశా ఇంకో కుటుంబం కథ ఇందులో కలిసిపోయి ఉంటుందని వాళ్ల ఊహ. ఫొటో ఎక్కడా వేయనని మాట ఇచ్చిందనీ, తీరా చూస్తే అన్నిచోట్లా తన మొహమేననీ, దానివల్ల తనకి ఒక్క పైసా రాలేదనీ ఫ్లారెన్స్ కోపం. 1958లోనే ఒక పత్రికకి ఈ ఫొటో వాడొద్దని ఉత్తరం కూడా రాసింది.

పోనీ డొరోతియా సొమ్ము చేసుకుందా అంటే, అదీ లేదు. సర్కారు జీతానికి తీసిన ఫొటో సర్కారుదే. ఎవరైనా ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు. ఫొటోలో డేరా గుంజ పట్టుకున్న బొటనవేలు ఒకటి మూల కనిపించేది. అది కంటికి అడ్డమని తర్వాత నెగెటివ్‌లో చెరిపించింది డొరోతియా. వేలు చెరిపించేంత శ్రద్ధ ఉన్న మనిషికి, పేరు అడగాలని తోచలేదు! నాకు కష్టంగా అనిపించేది ఇదే. అలాగని ఆవిణ్ని తప్పుడు మనిషి అనడానికీ నోరు రాదు. 1942లో జపాను మూలాలున్న లక్షమందికి పైగా జనాన్ని ఇళ్లనుంచి తరలించి శిబిరాల్లో పెట్టినప్పుడు, ఫొటోలు తీయమని సర్కారు ఆవిణ్నే పంపింది. ఆవిడ తీసుకొచ్చిన ఫొటోల్లో అన్యాయం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, సైన్యం వాటిని బయటికి రానివ్వకుండా అట్టేపెట్టేసింది. ఆమె 1965లో పోయింది. ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చింది 2006లో.

ఫ్లారెన్స్‌కి పదిమంది పిల్లలు. చేతికందొచ్చాక మొడెస్టో పట్నంలో అమ్మకి ఇల్లు కొనిచ్చారు. ఆవిడకి అందులో మనసు నిలవలేదు. చక్రాల బండి ఇల్లే నయమంటూ అందులోకే మారిపోయింది. జీవితమంతా కదులుతూ బతికిన ప్రాణం కదా! 1983లో జబ్బు చేసి వైద్యానికి డబ్బు చాలనప్పుడు పిల్లలు లోకం ముందు చెయ్యి చాచారు. మళ్లీ ఆ ఫొటోయే పనికొచ్చింది. 35 వేల డాలర్ల దాకా వచ్చాయి. డబ్బుతోపాటు రెండువేలకు పైగా ఉత్తరాలు. అంతవరకూ ఆ ఫొటో చూస్తే సిగ్గుపడ్డ పిల్లలు, ఆ ఉత్తరాలు చదివాకే గర్వపడటం మొదలుపెట్టారు. ఆ సెప్టెంబరులోనే ఫ్లారెన్స్ కన్నుమూసింది. 1998లో అదే ఫొటో తపాలా బిళ్లగా వచ్చింది. డొరోతియా చేతిరాత ఉన్న ప్రింటు ఒకటి వేలంలో 2,44,500 డాలర్లు పలికిందీ ఆ ఏడే.

ఫొటోలో ఒళ్లో నిద్రపోతున్న పసిబిడ్డ పెద్దయ్యాక చెప్పిన మాట ఒకటుంది. అమ్మకి పాటలంటే ఇష్టమట, డాన్సంటే ఇష్టమట, సరదాగా బతకడమంటే ఇష్టమట. ఆ ఫొటో చూస్తే దిగులేస్తుందనీ, అమ్మని అలా గుర్తుపెట్టుకోవడం తనకి ఇష్టం ఉండదనీ అంది.