వార్తల్లో పదం: సెట్‌టాప్ బాక్స్

కేబుల్ డిజిటలీకరణ గడువు విశాఖ, హైదరాబాద్‌లకు 2013 మార్చి 31 అయితే, భిలాయి లాంటి పట్టణాలకు మూడో దశలో 2015 డిసెంబరు 31. పాత డబ్బా టీవీ ఇక పనికిరాదన్న మాట అప్పుడు గట్టిగానే వినిపించింది. నిజానికి మారింది తెర కాదు, సిగ్నల్. సెట్‌టాప్ బాక్స్ ఆ డిజిటల్ సిగ్నల్‌ను విప్పి, పసుపు పిన్నులో బొమ్మను, ఎరుపు, తెలుపు పిన్నుల్లో శబ్దాన్ని పాత టీవీకి అందిస్తుంది. ఆ మూడు పిన్నులు పెట్టే రంధ్రాలు లేని మరీ పాత సెట్టుకైతే, యాంటెన్నా దారిలోనే పంపే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ చాలు. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంటే తప్పు టీవీది కాదు, బాక్స్ సెట్టింగుల్లో 16:9ని 4:3కి మార్చుకోవాలి.

పాత టీవీ కరెంటు ఎక్కువ తింటుంది కదా అంటారు. నిజమే, సన్నటి అక్షరాలూ సరిగా కనబడవు. కానీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. నడుస్తున్న సెట్టును తుక్కులో వెయ్యడం లాభసాటి బేరమేమీ కాదు. అసలు ఫిర్యాదు బాక్స్ మీద ఉండాలి. భిలాయి ఉక్కు కర్మాగారంలో రిటైరై శ్రీకాకుళం వెళ్లే కుటుంబం ఆపరేటర్‌ను మారిస్తే, బాగున్న బాక్సూ మూలన పడుతుంది. ఏ ఆపరేటర్‌కైనా పనికొచ్చే బాక్సులే ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. దానికి ఖర్చు, ప్రసారాల భద్రత అడ్డంకులంటారు. తేలిగ్గా కొట్టిపారేసే అభ్యంతరాలు కావవి. అయినా సిమ్ మార్చినప్పుడల్లా ఫోను పారెయ్యడం లేదు కదా.