పరగడుపు మాత్ర ఎన్నాళ్లు?

గుండెల్లో మంటకు, పుల్లటి త్రేన్పులకు వేసుకునే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఒకే కుటుంబం మందులు. జీర్ణాశయం గోడలోని కొన్ని కణాలు ఆమ్లాన్ని లోపలికి తోడిపోస్తుంటాయి. ఆ తోడే పని చేసే ప్రొటీన్ పేరు ప్రోటాన్ పంపు. ఈ మందులు దానికి అతుక్కుని, దాన్ని శాశ్వతంగా మూలపడేస్తాయి. శరీరం కొత్త పంపులను తయారుచేసుకునే దాకా ఆమ్లం తక్కువగానే ఊరుతుంది. అందుకే వీటికి ప్రోటాన్ పంప్ ఇన్హిబిటర్లు, పొట్టిగా పీపీఐలు అని పేరు. జనం నోట మాత్రం ఇవి ‘గ్యాస్ మాత్రలు’. నిజానికి కడుపులో గాలికీ వీటికీ సంబంధం లేదు. ఉబ్బరం ఒక్కటే బాధయితే ఇవి చేసే మేలు తక్కువ. ఈ పేరు వల్లే అవసరం లేనివారు కూడా చాలామంది వీటిని ఏళ్ల తరబడి మింగుతున్నారు.

1976లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ అనే మందు వచ్చేవరకు కడుపు పుండుకు ఆపరేషన్ మామూలు వైద్యం. 1988లో ఒమెప్రజోల్ ఐరోపా మార్కెట్లోకి వచ్చాక ఆ ఆపరేషన్లు దాదాపు మరుగున పడ్డాయి. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వారి ఒమెజ్ పేరు తెలియని తెలుగు ఇల్లు తక్కువ. ప్రాణాలు నిలబెట్టిన మందులివి, ఆ మాట ముందే చెప్పాలి. చిక్కంతా వ్యవధితోనే. నాలుగు నుంచి ఎనిమిది వారాలకని రాసిన మాత్ర, ఆపమని చెప్పేవారు లేక ఎనిమిదేళ్లు నడుస్తుంది.

అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువుంది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 శాతం. వారిలో ఎక్కువమంది పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లినవారు, చేపల వేటే చాలామందికి బతుకు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జీబీ పంత్ ఆసుపత్రి, వైద్య కళాశాల ఉన్నాయి. మాయాబందర్‌లో, కార్ నికోబార్‌లో జిల్లా ఆసుపత్రులున్నాయి. వాటికి అవతల, ఒక చిన్న దీవి మీద ఉన్న మనిషికి పెద్ద డాక్టరు అంటే ఓడ ప్రయాణమే. ఒకసారి రాయించుకున్న చీటీ చూపించి, నెలల తరబడి అదే మాత్ర కొనుక్కోవడం అలాంటిచోట అర్థం చేసుకోదగిన అలవాటే. కానీ దుష్ప్రభావాలు చడీచప్పుడు లేకుండా పెరిగేది ఆ అలవాటు చాటునే.

దుష్ప్రభావాలను తగ్గించే మొదటి మెట్టు మాత్ర వేసుకునే వేళ. మందు రక్తంలో నిలిచేది గంటో రెండు గంటలో. ఆ కాస్త సమయంలో పంపులు పనిలో ఉంటేనే మందు వాటిని పట్టుకుంటుంది, అవి పనిలోకి దిగేది అన్నం తిన్నప్పుడే. కాబట్టి భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. రాత్రి భోంచేసి, పడుకోబోయే ముందు మింగినవారికి పూర్తి ఫలితం దక్కదు. మంట తగ్గలేదని డోసు రెట్టింపు అవుతుంది, డోసుతో పాటే దుష్ప్రభావాల అవకాశమూ పెరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికే పడవ ఎక్కే వేటగాడికి ‘ఉదయం పరగడుపున’ అన్న మాట సరిపోదు. అతను మొదటిసారి కడుపునిండా తినేది పడవ దిగాక పది గంటలకైతే, మాత్ర తొమ్మిదిన్నరకు పడాలి. ఈ మందుకు గడియారంతో పనిలేదు, ముద్దతోనే పని. వేళ సరిచేసుకుంటే కొందరికి 40 మి.గ్రా. బదులు 20 మి.గ్రా. సరిపోతుంది.

ఇక దుష్ప్రభావాల జాబితా. వార్తల్లో వచ్చే జాబితా చూస్తే మతిమరుపు నుంచి గుండెపోటు దాకా అన్నీ ఈ మాత్ర ఖాతాలోనే పడతాయి. వాటిలో చాలావరకు, మాత్ర వాడేవారినీ వాడనివారినీ పోల్చిన లెక్కల నుంచి పుట్టినవి. వాడేవారు సాధారణంగా వయసు మళ్లినవారు, అప్పటికే రకరకాల జబ్బులున్నవారు. తప్పు మాత్రదో, ముందున్న జబ్బుదో అలాంటి లెక్కల్లో విడదీయడం కష్టం. 2019లో వెలువడిన కంపాస్ పరిశోధన వేరే తీరులో జరిగింది. 17,598 మందిని చీటీ తీసినట్టు రెండు వర్గాలు చేసి, సగం మందికి పాంటాప్రజోల్ 40 మి.గ్రా., మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించారు. ఎముకలు విరగడం, మతిమరుపు, మూత్రపిండాల జబ్బు, న్యుమోనియా వంటివాటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా తేలింది ఒక్కదానిలోనే, పేగుల ఇన్ఫెక్షన్లలో. మాత్ర వాడినవారిలో 1.4 శాతం, వాడనివారిలో 1.0 శాతం. భయపడి మాత్ర పారేయనక్కర్లేదని చెప్పడానికి ఇది గట్టి ఆధారం. అయితే మూడేళ్లు ఇరవై ఏళ్లు కావు. అరుదుగా జరిగేవాటిని పట్టుకోవడానికి ఇంత పరిశోధన కూడా చాలదు.

దీవుల్లో అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసింది ఆ ఒక్క తేడానే. జఠరామ్లం అన్నం అరిగించడానికే కాదు, నోటి నుంచి పేగులకు వెళ్లే దారిలో కాపలా కూడా. నీటితో, తిండితో లోపలికి పోయే క్రిముల్లో ఎక్కువభాగం అక్కడే చస్తాయి. కలరా క్రిమికి ఆమ్లం అసలు పడదు. 1970ల్లో అమెరికాలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిపై జరిగిన ప్రయోగాల్లో ఈ సంగతి తేటతెల్లమైంది. ముందుగా సోడా ఉప్పు తాగించి ఆమ్లాన్ని విరిచేస్తే పది లక్షల క్రిములే జబ్బు తెప్పించాయి. సోడా ఉప్పు లేనప్పుడు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ కావలసి వచ్చాయి. 2002లో నాన్‌కౌరీ దీవుల నికోబారీ గ్రామాల్లో కలరా చెలరేగింది. వానకాలంలో బావినీరు, నిల్వ నీరు కలుషితమయ్యే అవకాశం ఏ దీవిలోనైనా ఉంటుంది. పీపీఐ రోజూ వాడేవారి ఇంట్లో నీళ్లు కాచి తాగడం నియమంగా ఉండాలి. నిన్నటి చేపల కూర పొగలు కక్కేలా మళ్లీ మరిగించాలి, పచ్చి నత్తలు, గుల్లలు ముట్టకూడదు. నీళ్ల విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ వెంటనే పట్టాలి. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత విరేచనాలు ఆగకపోతే సి. డిఫిసిల్ అనే క్రిమి కారణం కావచ్చు. ఆ ముప్పు పీపీఐ వాడేవారిలో హెచ్చని అమెరికా ఔషధ సంస్థ 2012లో హెచ్చరించింది.

బీ12 సంగతి దీవులవారికి కాస్త వింతగానే అనిపిస్తుంది. చేపలో బీ12 పుష్కలం. రోజూ చేప తినే ఇంట్లో దానికి లోటు ఎందుకు రావాలి? చేపలోని బీ12 మాంసకృత్తులకు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఆమ్లం, దానితో పాటు పెప్సిన్ ఉంటేనే అది విడివడి ఒంటికి పడుతుంది. ఆమ్లం తగ్గితే కంచంలో ఉన్నది ఒంట్లోకి చేరదు. 2013లో అచ్చయిన కాలిఫోర్నియా అధ్యయనంలో రెండేళ్లకు మించి రోజూ పీపీఐ వాడినవారిలో బీ12 లోపం ఉండే అవకాశం సుమారు 65 శాతం ఎక్కువగా తేలింది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది గనక లోటు ఆలస్యంగా బయటపడుతుంది. మొదట నాలుక నున్నగా, ఎర్రగా మారుతుంది. తర్వాత పాదాల్లో తిమ్మిర్లు, నడుస్తుంటే దూది మీద అడుగేసినట్టు తేడా, నీరసం. షుగరు ఉన్న మనిషైతే ఇదంతా షుగరు ఖాతాలోకి పోతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను తగ్గించేదే. ఈ రెండు మాత్రలూ కలిసి ఏళ్లుగా నడుస్తున్నవారు ఏడాది రెండేళ్లకోసారి రక్తంలో బీ12 చూపించుకోవడం మంచిదని డాక్టర్లు అంటారు. ఊరట ఏమిటంటే, మాత్రగా వేసుకునే బీ12 దేనికీ అతుక్కుని ఉండదు, దానికి ఆమ్లంతో పనిలేదు. లోటును చవకగా తీర్చుకోవచ్చు.

ఇనుముదీ ఇలాంటి కథే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము కరిగి ఒంటికి పట్టాలంటే ఆమ్లం కావాలి. నెలసరి ఎక్కువయ్యే స్త్రీలలో, ముందే రక్తం తక్కువున్నవారిలో ఇది చూసుకోవాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం కొంత సాయం, అదే మంట తెప్పించేవారికి తప్ప. కాల్షియం కార్బొనేట్ మాత్ర కరగడానికి కూడా ఆమ్లమే కావాలి. అందుకని పీపీఐ వాడేవారికి కాల్షియం సిట్రేట్ నయం. ఎముకల విషయంలో తిరుగులేని రుజువు లేకపోయినా, ముట్లుడిగిన స్త్రీలు, స్టెరాయిడ్లు వాడేవారు జాగ్రత్తపడాలి.

మెగ్నీషియం తగ్గడం అరుదు, కానీ తగ్గినప్పుడు చిక్కు పెద్దది. పిక్కలు పట్టేయడం, చేతులు వణకడం, గుండె లయ తప్పడం దాని గుర్తులు. ఏడాదికి మించి వాడినవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికా ఔషధ సంస్థ దీని మీద 2011లో హెచ్చరిక జారీచేసింది. నీరు తీసే మాత్రలు గాని, గుండెకు డిగాక్సిన్ గాని వాడేవారు మెగ్నీషియం పరీక్ష చేయించుకోవాలి. మాత్ర ఆపితే ఒకటి రెండు వారాల్లో స్థాయి కోలుకుంటుంది. ఆపకుండా మెగ్నీషియం బిళ్లలు మింగితే చాలామందిలో ఎక్కినది ఎక్కినట్టు జారిపోతుంది.

మూత్రపిండాలకు వచ్చే ముప్పు పేరు ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్, అంటే మందు పడక మూత్రపిండం వాచడం. ఇదీ అరుదే. 2019లో భారత ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల కరపత్రాల్లో మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినడాన్ని దుష్ప్రభావంగా చేర్చాలని ఆదేశించింది. నీరసం, వికారం, సన్నటి జ్వరం, మూత్రం తగ్గడం దీని లక్షణాలు. ఒక్కోసారి ఏ లక్షణమూ ఉండదు, రక్తంలో క్రియాటినిన్ మాత్రం పెరుగుతుంది. దీవుల్లో ఇక్కడే ఒక తికమక ఉంది. అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అని ఒకప్పుడు పిలిచిన జబ్బు లెప్టోస్పైరోసిస్ అని పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం పరిశోధనల్లో తేలింది. అది కూడా జ్వరంతో మొదలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జ్వరంతో వచ్చిన రోగి తాను రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర పేరు డాక్టరుకు చెప్పకపోతే, రెండో కారణం ఎవరికీ తట్టదు. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు సొంతంగా నొప్పి మాత్రలు మింగితే మూత్రపిండాలపై భారం ఇంకా పెరుగుతుంది.

లెప్టోకు వాడే డాక్సీసైక్లిన్‌తో మరో చిక్కుంది. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే ఆ గొట్టం మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు పడుతుంది. మింగుతుంటే రొమ్ము మధ్య మంట, నొప్పి. అది ఆమ్లం పైకి తన్నడం కాదు, పీపీఐ డోసు పెంచితే తగ్గేదీ కాదు. గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంటైనా పడుకోకుండా ఉంటే ఇది రాదు.

ఇతర మందులతో పొత్తు కూడా చూసుకోవాలి. గుండెకు స్టెంటు వేసినవారు వాడే క్లోపిడోగ్రెల్ పనితీరును ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ తగ్గిస్తాయి. అలాంటివారికి పాంటాప్రజోల్ మేలు. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడం తగ్గవచ్చు, కాబట్టి పీపీఐ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూసుకోవాలి.

ఇంత చదివి మాత్ర మానేయాలనుకునేవారిలో కొందరు మానకూడదు. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లున్నవారు, దాని లోపలి పొరలో బారెట్స్ అన్న మార్పు తేలినవారు, కడుపులో పుండు పగిలి రక్తస్రావమైన చరిత్ర ఉన్నవారు, ఆ ముప్పు ఉండి కూడా ఆస్పిరిన్ లేక నొప్పి మాత్రలు తప్పనిసరిగా వాడేవారు. వీరికి మాత్ర వల్ల వచ్చే చిన్న నష్టం కన్నా ఆపితే వచ్చే నష్టం ఎన్నో రెట్లు. మిగిలినవారు డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవచ్చు.

తగ్గించేటప్పుడు చాలామంది ఓడిపోయేది ఒకచోటే. ఆమ్లం తగ్గిందని గ్రహించిన శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోనును పెంచి, ఆమ్లం ఊరించే యంత్రాంగాన్ని బలపరుచుకుంటుంది. మాత్ర ఆపగానే ఆ యంత్రాంగమంతా ఒక్కసారిగా మేల్కొంటుంది. 2009లో వెలువడిన పరిశోధన కోసం డెన్మార్క్‌లో ఏ మంటా లేని 120 మంది ఆరోగ్యవంతుల్లో సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. ఆ తర్వాతి వారాల్లో వారిలో 44 శాతం మందికి గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు వంటివి మొదలయ్యాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అవి 15 శాతమే. అంటే మాత్ర ఆపడమే మంటకు కారణం కాగలదు. సముద్రం అల్లకల్లోలమై ఓడ రాక, మాత్రలు అయిపోయిన వారంలో మంట భగ్గుమంటే, ‘ఇది లేకపోతే నాకు బతుకు లేదు’ అని రోగి తీర్మానించుకుంటాడు. అది పాత జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు నెలలు ఓపిక పడితే సర్దుకుంటుంది.

మెల్లగా తగ్గించడమా, ఒక్కసారే ఆపడమా అన్నదానిలో వైద్యులు రెండు దారులనూ ఒప్పుకుంటారు. మెల్లగా అయితే పూటకొకటి రోజుకొకటిగా, 40 మి.గ్రా. 20గా, తర్వాత రోజు విడిచి రోజు, చివరకు మంట వచ్చినప్పుడే. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు నిలవాలి. మధ్యలో మంట వస్తే ఫామోటిడిన్ మాత్రో, ఆల్జినేట్ సిరప్పో ఆదుకుంటుంది. ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. కడుపులోని అన్నం మీద జిగురు తెప్పలా తేలి, ఆమ్లాన్ని పైకి తన్నకుండా ఆపుతుంది. ఆపే పని పండగ పూటో, పెళ్లి వారంలోనో మొదలుపెట్టకూడదు.

ఆ రోజుల్లో తిండి, పడక సాయం చేస్తేనే మాత్ర తగ్గుతుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలుండాలి. వేట నుంచి పొద్దుపోయి వచ్చి పులుసన్నం నిండుగా తిని వాలిపోయే ఇంట్లో ఇదే కష్టమైన నియమం. పెద్ద భోజనాన్ని మధ్యాహ్నానికి జరిపి, రాత్రి కొద్దిగా తినడం దీనికి విరుగుడు. తలగడలు ఎత్తు పెంచితే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు. మంచం తలవైపు కోళ్ల కింద జానెడు ఎత్తు చెక్క దిమ్మలు పెట్టాలి. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం వెనక్కి తన్నడం తగ్గుతుంది. పొగాకు అన్నవాహిక కిందిద్వారాన్ని వదులు చేస్తుంది. వక్క దీవుల్లో పెరటి పంటే, అయినా ఖైనీ, వక్క, పాన్ మానకుండా మంట మానదు. పొట్ట తగ్గినవారికి మంట తగ్గడం పదే పదే రుజువైన విషయం.

మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలం తారులా నల్లగా రావడం, నెత్తుటి వాంతి, రక్తహీనత ఉంటే మాత్ర పెంచడమో తగ్గించడమో కాదు, ఎండోస్కోపీ కావాలి. ఛాతీలో బరువుతో చెమట పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే అది గుండెది కావచ్చు. అప్పుడు గ్యాస్ మాత్ర మింగి తెల్లారే దాకా చూడకుండా, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ తీయించాలి.