మట్టి వయస్సు

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మండలములలో ఎటు చూచినను తూర్పు కనుమల కొండలు కానవచ్చును. వానిలో పెక్కింటి శిలకు ఖొండలైటు అని పేరు. ఆ కనుమలలో నివసించు ఖోండుల పేరే ఆ శిలకు వచ్చినది. అది నేటి రూపము తాల్చి సుమారు 100 కోట్ల సంవత్సరములైనది. ఎండకు, వానకు చివికి, ఇసుకయై, వాగుల వెంబడి అది సముద్రతీరమునకు చేరును. విశాఖపట్టణ భీమునిపట్టణముల నడుమనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలు అట్టి ఇసుకతో ఏర్పడినవే.

అట్లయిన ఆ దిబ్బల వయస్సు 100 కోట్ల సంవత్సరములా? కాదు. పాత కోట ఇటుకలతో నేడు గోడ కట్టినచో ఇటుక పాతదే గాని గోడ క్రొత్తది. అట్లే రేణువు వయస్సు వేఱు, అది పేరిన కాలము వేఱు.

పేరిన కాలమును కనుగొను ఉపాయమొకటి కలదు. పూడిపోయిన ఇసుక రేణువు చుట్టునున్న మట్టిలోని రేడియోధార్మికత వలన ఏటేట కొంత శక్తిని కూడబెట్టుకొనును. ఎండ సోకినచో ఆ నిలువ హరించిపోవును. కావున శాస్త్రజ్ఞులు వెలుతురు తగులనీయక ఇసుకను గొట్టములతో తీసి, చీకటి గదిలో దానిపై కాంతిని ప్రసరింపజేసి, అది వెలువరించు మినుకును కొలుతురు. నిలువ ఎంతో, ఏటికి చేరునది ఎంతో తెలిసినచో పూడిన కాలము తేలును. ఎఱ్ఱమట్టి దిబ్బల వయస్సు వేల సంవత్సరములలో చెప్పదగినదే గాని కోట్లలో చెప్పదగినది కాదు.

అంగారక గ్రహముపైనను ఇదే చిక్కు కలిగినది. 2012లో గేల్ అను మహాబిలములో దిగిన క్యూరియాసిటీ యంత్రము, మఱుసటి యేడు అచ్చటి బురదరాతిని తొలిచి పొడిచేసి కాచినది. రాతిలోని పొటాషియములో ఒక భాగము కాలక్రమమున ఆర్గాను వాయువుగా మాఱుచుండును. ఆ రెంటిని కొలువగా వయస్సు సుమారు 421 కోట్ల సంవత్సరములని వచ్చినది. కాని గ్రహతలముపై ఉల్కల దెబ్బలకు పడిన గుంటలను లెక్కించి, ఆ బిలమే 350, 380 కోట్ల సంవత్సరముల నడుమ ఏర్పడినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. చెఱువు కంటె ముందు చెఱువులోని ఒండ్రు ఉండజాలదు గదా! కావున 421 కోట్లు ప్రధానముగా రేణువుల వయస్సు. బురద పేరినది అటు తరువాతనే.

దూరగ్రహమున ఇంత శ్రమపడి వెదకుచున్న లెక్క మన తీరమున కాలి క్రిందనే కలదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఎఱ్ఱమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. వానిని త్రవ్వి ఎండలో వెదజల్లినచో రేణువు మిగులును గాని, అది దాచుకొన్న కాలము మిగులదు. చెఱిగిన ఆ లెక్కను తిరిగి వ్రాయుట ఎవ్వరికిని సాధ్యము కాదు.