ఒక్క సినిమాతో వచ్చిన పేరు

తెలుగు సినిమా వ్యాపారంలో ఒక్కొక్క ప్రాంతపు ప్రదర్శన హక్కులను విడివిడిగా అమ్మే పద్ధతి చిరకాలంగా ఉంది. ఆ లెక్కలో పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా అంతా ‘వెస్ట్’ అనే ఒక ప్రత్యేక ప్రాంతం. తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెం, పాలకొల్లు వంటి పట్టణాల థియేటర్లలో వసూలైన సొమ్ములోంచి అద్దె, పన్ను పోగా పంపిణీదారుకు మిగిలే భాగాన్ని, అంటే వ్యాపార పరిభాషలో ‘షేర్’ను చూసి, ఒక నటుడి తర్వాతి చిత్రం ఎంత పలుకుతుందో నిర్ణయిస్తారు. తొలి చిత్రం ఆడితే చాలు, కొత్త నటుడి స్వభావమేమిటో, అతను ఇంకా నేర్చుకోవలసినదేమిటో ఎవరికీ తెలియకముందే అతని పేరుకు ఒక ధర ఏర్పడుతుంది. హఠాత్తుగా దక్కిన తారాపదవికి మనిషి చెల్లించే మూల్యాన్ని అర్థం చేసుకోవాలంటే వ్యసనాల కథలను, ప్రేమ వ్యవహారాలను పక్కనపెట్టి ముందుగా ఈ ధరను, అది ఏర్పడే వేగాన్ని పరిశీలించాలి.

ఒకప్పుడు ఆ వేగం ఇంతగా లేదు. గోదావరి జిల్లాల నుంచి మద్రాసు చేరిన తొలితరం నటులలో చాలామందిని తీర్చిదిద్దినవి నాటక సమాజాలు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ రంగస్థలం మీద నటించినవారిలో ఎస్.వి. రంగారావు, అంజలీదేవి ఉన్నారు. 1935లోనే తెరమీద కనిపించిన రేలంగి వెంకట్రామయ్య, చిన్న వేషాలు వేస్తూ, చిత్ర నిర్మాణంలో అడ్డమైన పనులన్నీ చేస్తూ ఏళ్ల తరబడి గడిపి, 1949లో ‘గుణసుందరి కథ’తో స్థిరమైన గుర్తింపు పొందేనాటికి నలభయ్యో ఏటికి చేరువయ్యారు. అప్పటికి ఆయనకు ఎవరి మాట నమ్మాలో, రూపాయి ఎక్కడ పెట్టాలో తెలుసు. తాడేపల్లిగూడెంలో సొంత థియేటర్ కట్టుకున్నారు. నాటకానుభవం ఉన్నవారందరూ సుఖపడ్డారని కాదు, కష్టాలతో ముగిసిన నటి సావిత్రి జీవితమే అందుకు సాక్ష్యం. అయినా పేరు రావడానికి ముందు గడిచిన ఏళ్లు మనిషి చుట్టూ కొందరు ఆత్మీయులను మిగులుస్తాయి, ఆ వ్యవధి దొరకనివారికి వాళ్లు ఉండరు.

ఆ తరంలోనే ఈ వేగం దెబ్బకు గురైన నటి తెనాలికి చెందిన కాంచనమాల. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’తో ఆమె ఎంత ప్రసిద్ధురాలయ్యారంటే, ఆమె బొమ్మతో క్యాలెండర్లు అచ్చయ్యాయి. 1942 నాటి ‘బాలనాగమ్మ’ సమయంలో జెమినీ సంస్థతో కుదిరిన ఒప్పందం వివాదంగా మారి, బయటి చిత్రాలలో నటించే దారి మూసుకుపోయింది. క్రమంగా మనోవ్యాధికి గురైన ఆమె, స్నేహితురాలు లక్ష్మీరాజ్యం నిర్మించిన ‘నర్తనశాల’ (1963)లో చిన్న వేషంలో కనిపించి, 1981లో మరణించారు.

ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960 డిసెంబరు 2న పుట్టిన విజయలక్ష్మి కథ ఇంతకంటే కఠినమైనది. నాలుగో తరగతితో చదువు ఆగిపోయి, చిన్న వయసులో పెళ్లయి, ఆ కాపురం భరించలేక మద్రాసు చేరిన ఆమె టచప్ పనిలో, అంటే షాట్‌కూ షాట్‌కూ మధ్య తారల మేకప్ సరిచేసే పనిలో కుదిరారు. 1980లో తమిళ చిత్రం ‘వండిచక్కరం’లో వేసిన ‘సిల్క్’ అనే పాత్ర పేరు ఆమె పేరులోనే చేరిపోయి, సిల్క్ స్మిత అన్న నటి అవతరించింది. ఏళ్ల తరబడి అమ్ముడుపోని చిత్రాలకు కూడా ఆమె పాట ఒకటి చేరిస్తే పంపిణీదారులు దొరికేవారని ఆనాటి వ్యాపార వర్గాలు చెప్పుకునేవి. అందువల్ల ఆమెకు పని కరవు కాలేదు, పదిహేడేళ్లలో నాలుగు వందలకు పైగా చిత్రాలు చేశారు. కరవైంది మరో రకమైన పాత్ర. ఒకసారి లాభం తెచ్చిన వేషాన్నే నటులచేత మళ్లీ మళ్లీ వేయించడాన్ని టైప్‌కాస్టింగ్ అంటారు. 1981లో ‘సీతాకోకచిలుక’లో గృహిణిగా ఎంతో నిగ్రహంతో నటించి తన శక్తి ఏమిటో చూపినా, ఆ దారిలో ఆమెను పిలిచినవారు అతి తక్కువ. సావిత్రి వంటి నటి కావాలన్న కోరిక ఆమెకుండేది. ఆమె దేహాన్ని చూడటానికి టిక్కెట్టు కొన్న సమాజమే ఆమెను గౌరవానికి దూరంగా నిలబెట్టింది. ఈ అన్యాయంలో నిర్మాతలకెంత వాటా ఉందో ప్రేక్షకులకూ అంతే ఉంది. నిర్మాతగా మారి నష్టపోయి, 1996 సెప్టెంబరు 23న, ముప్పయ్యయిదేళ్ల వయసులో చెన్నైలోని తన ఇంట్లో ఆమె మరణించారు; అది ఆత్మహత్యగా నమోదైంది. పదిహేనేళ్ల తర్వాత ఆమె పుట్టినరోజునే విడుదలైన హిందీ చిత్రం ‘ది డర్టీ పిక్చర్’ ఆమె జీవితం నుంచి ప్రేరణ పొందినదన్న ప్రచారంతో మంచి లాభాలు గడించింది, అందులోని కథానాయికకు జాతీయ పురస్కారం లభించింది. బతికుండగా ఆమె కోరుకున్న గౌరవం ఆమె వేషం వేసిన మరొకరికి అందింది.

హైదరాబాదుకు చెందిన ఉదయ్‌కిరణ్ విషయంలో కాలం ఇంకా కుంచించుకుపోయింది. 2000లో ‘చిత్రం’, మరుసటి ఏడాది ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’ వరుసగా విజయం సాధించడంతో ఇరవై ఒకటో ఏట అగ్రతారల వరసలో నిలబడిన అతను, ఆ తర్వాతి చిత్రాలు చాలావరకు ఆడక, అవకాశాలు తగ్గి, 2014 జనవరి 5న ఆత్మహత్య చేసుకున్నారు. ఆత్మహత్యకు ఒకే కారణం ఉండదని మానసిక వైద్యులు పదేపదే చెబుతారు కనుక దాన్ని పరాజయాల ఖాతాలో మాత్రమే వేయడం సరికాదు. అయితే ఇరవై ఏళ్లకే శిఖరం చూసినవారికి మిగతా జీవితమంతా పతనంగా లెక్కకు వస్తుందన్నది నిజం. సామాన్య ఉద్యోగి ముప్పయ్యేళ్ల వయసులో వృత్తిలో ఎదుగుతుండగా, అదే వయసులో ఈ తారలను చూసినవారల్లా ‘ఇప్పుడేం చేస్తున్నారు’ అని అడుగుతారు. ఇందుకు భిన్నంగా, అదే నెల 13న, నాటకరంగం నుంచి నిదానంగా ఎదిగి వచ్చి, భర్త ఆదినారాయణరావుతో కలిసి సొంత నిర్మాణ సంస్థ నడిపిన అంజలీదేవి ఎనభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.

హఠాత్తుగా వచ్చే పేరు, సొమ్ముల నుంచి రక్షణ కల్పించడంలో, పిల్లల వరకు చట్టం కొంత మేలుకుంది. చాప్లిన్ ‘ది కిడ్’ (1921)లో నటించిన జాకీ కూగన్ బాల్యంలో ఆర్జించిన సొమ్మును తల్లి, మారుతండ్రి ఖర్చు చేసేయగా, 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం బాలనటుల సంపాదనలో కొంత భాగాన్ని వారి పేరిట భద్రపరచాలని శాసనం చేసింది. మన దేశంలో 2017 నాటి బాలకార్మిక నిషేధ సవరణ నియమాలు బాలనటుల ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయీకృత బ్యాంకులో వారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలంటున్నాయి. ఈ నియమం పద్నాలుగేళ్ల లోపు వారికే వర్తిస్తుంది. విజయలక్ష్మికి, ఉదయ్‌కిరణ్‌కు పేరు వచ్చింది పందొమ్మిది, ఇరవై ఏళ్ల ప్రాయంలో. తణుకులోనో కొవ్వలిలోనో ఉండే ఒక సాధారణ కుటుంబపు బిడ్డ మూడు నాలుగు చిత్రాల ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితాన్ని చదివి చెప్పే న్యాయవాదిని, ఆదాయపు పన్ను లెక్క చూసే మనిషిని, అవసరమైతే మానసిక వైద్యుణ్ణి అందుబాటులో ఉంచే పని నిర్మాణ సంస్థలూ నటుల సంఘాలూ తొలి చిత్రం విడుదలకు ముందే చేపట్టాలి.