కదిలిన కాయిన్లన్నీ అమ్ముడైనట్టేనా?

బిట్‌కాయిన్ చిట్టాకు తాళం లేదు. 2009 జనవరి 3న మొదలైన ఆ లెక్కల్ని ఇంట్లో కూర్చుని ఎవరైనా తిరగేయొచ్చు. మార్కెట్ ఎటు పోతుందో పసిగట్టాలనుకునేవాళ్లు రేయింబవళ్లు చేసే పని అదే. అందులో కనిపించే రికార్డులు కొన్ని చూస్తే కళ్లు తిరుగుతాయి.

2025 జూలై 4న ఎనిమిది పాత అడ్రస్‌లలో ఒక్కసారిగా కదలిక వచ్చింది. ఒక్కోదాంట్లో పదేసి వేల చొప్పున మొత్తం 80,000 బిట్‌కాయిన్లు. కాయిన్ ధర పది డాలర్లయినా లేని 2011లో వచ్చి చేరినవి, పద్నాలుగేళ్లు ఎవరూ ముట్టుకోనివి. కదిలేనాటికి ధర లక్ష డాలర్లు దాటింది. తిమింగలం, అంటే భారీగా కాయిన్లున్న యజమాని, అమ్మేస్తోందని గగ్గోలు మొదలైంది. కానీ ఆ రోజు అవి చేరింది కొత్త అడ్రస్‌లకే. పది రోజులకు ధర పడకపోగా 1,20,000 డాలర్లు దాటింది. అమ్మకం నిజంగానే జరిగింది, కాకపోతే తర్వాత: 900 కోట్ల డాలర్లకు పైబడిన ఆ సరుకును యజమాని తరఫున అమ్మిపెట్టామని గెలాక్సీ డిజిటల్ సంస్థ జూలై 25న ప్రకటించింది. కాయిన్ కదలడం చిట్టాలో కనిపిస్తుంది, ఎందుకు కదిలిందో కనిపించదు. జూలై 4నే భయపడి అమ్ముకున్నవాళ్లకు ఈ తేడా ఖరీదుగా తెలిసింది.

ఇంతకంటే విచిత్రం 2011 జూన్‌ది. మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజిలో హ్యాకర్లు పడ్డాక, అసలు కాయిన్లు ఉన్నాయా అని ఖాతాదారులు నిలదీశారు. యజమాని మార్క్ కార్పెలెస్ సరిగ్గా 4,24,242.42424242 బిట్‌కాయిన్లను తన అడ్రస్ నుంచి తన అడ్రస్‌కే పంపి చూపించాడు. అంత పెద్ద లావాదేవీలో చేతులు మారింది సున్నా.

రోజువారీ మొత్తాలను కూడా ఉన్నవున్నట్టు నమ్మడానికి లేదు. 500 నోటిచ్చి 50 రూపాయల కూరలు కొంటే 450 చిల్లర వస్తుంది కదా, బిట్‌కాయిన్‌లోనూ అంతే. చిట్టాలో మాత్రం మొత్తం 500 కదిలినట్టు పడుతుంది. ఆ చిల్లర మనకు తిరిగి రావాలని లావాదేవీలో విడిగా రాయాలి. రాయకపోతే మిగిలిందంతా లావాదేవీల్ని చిట్టాకెక్కించే మైనర్‌కే ఫీజుగా పోతుంది. 2023 సెప్టెంబరులో పాక్సోస్ కంపెనీ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల 0.07 బిట్‌కాయిన్ పంపడానికి దాదాపు 20 బిట్‌కాయిన్లు, అంటే సుమారు 5 లక్షల డాలర్లు ఫీజు కట్టింది. ఎఫ్2పూల్ మైనర్లు పెద్దమనసుతో తిరిగిచ్చారు. అదే ఏడాది నవంబరులో ఇంకొకరి ఫీజు 83.65 బిట్‌కాయిన్లు, 31 లక్షల డాలర్లు! ఇలాంటిది ఒక్కటి పడితే సగటు ఫీజు గ్రాఫ్ ఎగిరి కూర్చుంటుంది, నెట్‌వర్క్ రద్దీగా ఉందన్న భ్రమ పుడుతుంది. అందుకే నేను సగటును పక్కనపెట్టి మధ్యగతాన్నే చూడమంటాను.

ఇక ఓ భారీ దొంగతనం. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ అనే మరో క్రిప్టో కాయిన్ పోయింది. ఇది ఉత్తర కొరియా పనేనని ఎఫ్‌బీఐ తేల్చింది. ఎక్స్ఛేంజిల నుంచి కాయిన్లు బయటికి పోతుంటే జనం కొని దాచుకుంటున్నారని, ధర పెరిగే సూచన అని చెబుతుంటారు. ఆ రోజు దొంగలు ఎత్తుకుపోయిన సొమ్ము కూడా గ్రాఫ్‌లో అదే గీతగా పడింది. అడ్రస్ ఎవరిదో తేలే వరకు ఆ గీతను చూసి కొనకండి.