చిక్కబడగానే నీళ్లు పోయొద్దు

వాష్‌బేసిన్లు, కమోడ్లు పోతపోసే మట్టి ద్రవం స్లిప్‌ను లీటర్ డబ్బా నిండా పట్టి తూచితే సుమారు 1800 గ్రాములు తూగుతుంది. అందులో చైనా క్లే, బాల్ క్లే, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పిండి అన్నీ కలిపి పొడి సరుకే 1300 గ్రాములు. నీళ్లు 500 గ్రాములు. ఆ పొడి సాంద్రత 2.6 కాబట్టి 1300 గ్రాములూ ఆక్రమించే చోటు అర లీటరు. అంటే డబ్బాలో సగం రాయి, సగం నీరు. అయినా వాల్వ్ తిప్పగానే ఆ స్లిప్ ధారకట్టి అచ్చులోకి దిగుతుంది, మూలమూలకూ పాకుతుంది.

సగం రాయి ఉన్న సరుకు అలా ఎలా పారుతుంది? నిన్న పారింది ఈరోజు ఎందుకు మొరాయిస్తుంది? గూడూరులో సిరామిక్ డిప్లొమా చేసి శానిటరీవేర్ ఫ్యాక్టరీ స్లిప్ హౌస్‌లో చేరినప్పటి నుంచి నా ఉద్యోగమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే. షోరూంలో తెల్లగా మెరిసే బేసిన్‌ను చూసేవాళ్లకు గ్లేజు కనిపిస్తుంది, డిజైను కనిపిస్తుంది. దాని మంచీచెడ్డా చాలావరకు తేలిపోయేది మాత్రం బట్టీకి చేరడానికి ఎంతో ముందు, బురదరంగు ద్రవం తిరిగే ట్యాంకులో.

పేకమేడ కూలాలి

చైనా క్లేలో ప్రధాన ఖనిజం కయోలినైట్. దాని కణాలు పల్చటి రేకులు. చాలావాటి వెడల్పు మిల్లీమీటరులో అయిదు వందో వంతు కూడా ఉండదు. రేకు ముఖం మీద ఋణావేశం ఉంటుంది. నీటిలో ఆమ్లగుణం ఉంటే అంచు మీద ధనావేశం చేరుతుంది. అప్పుడు ఒక రేకు అంచు ఇంకో రేకు ముఖానికి అతుక్కుంటుంది, దానికి మరొకటి, మరొకటి. చూస్తుండగానే ట్యాంకంతా ఒక పేకమేడ లేస్తుంది. ఆ మేడ గదుల్లో నీళ్లు చిక్కుకుపోతాయి. నీరు ఉంటుంది, కానీ కదలదు. అందుకే స్లిప్ ముద్దలా తయారవుతుంది.

ఇక్కడే సోడియం సిలికేట్ పని మొదలవుతుంది. వంద కిలోల పొడికి రెండు మూడు వందల గ్రాములు చాలు. మట్టితోనూ నీటితోనూ వచ్చిన కాల్షియం, మెగ్నీషియం రేకుల్ని దగ్గరకు లాగి ఉంచుతాయి. సిలికేట్ వాటిని పట్టి పక్కన పెట్టేస్తుంది. వాటి స్థానంలోకి సోడియం వస్తుంది. క్షారగుణం పెరిగి అంచుల మీది ధనావేశం పోతుంది. ఇక అన్ని రేకులూ ఒకే ఆవేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మేడ కూలి, గదుల్లోని నీరు విడుదలవుతుంది. మిక్సర్ చుట్టూ ముద్దముద్దగా కదులుతున్న సరుకు కాసేపట్లోనే నునుపుగా సుడులు తిరుగుతుంది. సిలికేట్ లేకుండా అదే మట్టిని పారించాలంటే నీరు దాదాపు రెండింతలు పోయాల్సి వచ్చేది.

సిలికేట్ మోతాదు మించినా మళ్లీ చిక్కబడుతుంది. సోడియం మరీ ఎక్కువైతే రేకుల మధ్య వికర్షణ పనిచేసే దూరం కుంచించుకుపోతుంది, అవి తిరిగి గుంపు కడతాయి. తక్కువైనా చిక్కన, ఎక్కువైనా చిక్కన. అందుకే చేత్తో ముట్టుకుని ఏది కారణమో చెప్పలేం. అర లీటరు నమూనా తీసి అందులో కొన్ని సిలికేట్ చుక్కలు వేసి చూడాలి. పల్చబడితే లోటు, ఇంకా చిక్కబడితే ఎక్కువ. ట్యాంకు మీద చెయ్యి వేసేది ఆ తర్వాతే.

ఐన్‌స్టీన్ వేసిన లెక్క

ద్రవంలో గట్టి కణాలు కలిస్తే చిక్కదనం ఎంత పెరుగుతుందో మొదట లెక్కగట్టినవాడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. చక్కెర నీటి చిక్కదనం ఆధారంగా అణువు పరిమాణం తేల్చడానికి ఆయన 1905లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి డాక్టరేట్ వ్యాసం సమర్పించాడు. ఆ సూత్రం ఇప్పటి రూపంలో చెప్పేది ఇది: ద్రవంలో కణాలు ఒక శాతం చోటు ఆక్రమిస్తే చిక్కదనం రెండున్నర శాతం పెరుగుతుంది. వ్యాసంలో మొదట ఈ రెండున్నర లేదు. పారిస్‌లో జాక్ బాన్సెలాన్ చేసిన ప్రయోగాలు లెక్కతో పొసగకపోవడంతో ఐన్‌స్టీన్ దాన్ని తిరిగి పరిశీలింపజేసి, 1911లో సవరణ ప్రచురించాడు.

ఆ సూత్రం కణాలు బాగా దూరదూరంగా ఉన్న పల్చటి ద్రవానికే చెల్లుతుంది. మా స్లిప్‌లో సగం చోటు కణాలదే. అంత దట్టంగా ఉన్నప్పుడు వాడే సూత్రాన్ని 1959లో క్రీగర్, డౌగర్టీ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. ఒకే సైజు గుండ్రటి కణాలను ఎలా కుక్కినా, క్రమం లేకుండా పేరిస్తే చోటులో 64 శాతానికి మించి పట్టవు. ఆ హద్దును సమీపిస్తున్నకొద్దీ ఏమవుతుందో చూడండి. కణాలు 40 శాతం ఉంటే ద్రవం నీటికన్నా సుమారు 5 రెట్లు చిక్కన. 50 శాతానికి 11 రెట్లు. 60 శాతానికి 84 రెట్లు. మొదటి పది శాతానికి రెట్టింపు కాస్త దాటింది, తర్వాతి పది శాతానికి ఏడు రెట్లు దాటిపోయింది. రేకుల్లాంటి మట్టి కణాలతో ఈ అంకెలు ఇంకా పైకి వెళ్తాయి. మూత తీసి ఉన్న ట్యాంకులోంచి కొంచెం నీరు ఆవిరైనా సాయంత్రానికి స్లిప్ తీరు మారిపోవడానికి కారణం ఇదే. చిన్నా పెద్దా కణాలు కలగలిపితే పెద్దవాటి సందుల్లో చిన్నవి ఇముడుతాయి, హద్దు కొంచెం పైకి జరుగుతుంది. బాల్ మిల్లులో ఎంతసేపు నూరాలన్నది కూడా అందుకే చిక్కదనం వ్యవహారం.

తీగ చెప్పే మాట

స్లిప్‌కు ఒకే చిక్కదనం ఉండదు. కలుపుతుంటే పల్చబడుతుంది, వదిలేస్తే బిగుస్తుంది. మళ్లీ కలిపితే మళ్లీ జారుతుంది. దీన్ని థిక్సోట్రోపీ అంటారు. కొలవడానికి మా దగ్గర టార్షన్ విస్కోమీటర్ ఉంటుంది. సన్నటి తీగకు ఒక ఇత్తడి చక్రం, దాని కింద చిన్న స్తూపం వేలాడుతుంటాయి. బాగా కలిపిన స్లిప్‌లో స్తూపాన్ని ముంచి, చక్రాన్ని నిండుగా ఒక చుట్టు తిప్పి, పిన్నుతో ఆపి, వదలాలి. మెలిపడిన తీగ విడుచుకుంటూ చక్రాన్ని సున్నా దాటించి అవతలి వైపు తీసుకెళ్తుంది. ఎన్ని డిగ్రీలు దాటిందన్నదే స్లిప్ జారుడుకు కొలత. ఉదాహరణకు 310 వచ్చిందనుకుందాం. కదపకుండా అయిదు నిమిషాలు ఆగి మళ్లీ వదిలితే 250 రావచ్చు. ఆ 60 డిగ్రీల తేడా స్లిప్ ఎంత బిగుసుకుందో చెబుతుంది.

ఆ తేడా సున్నాకు దగ్గరగా ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. కాదు. ప్లాస్టర్ అచ్చు స్లిప్‌లోని నీటిని పీల్చుకుంటుంది, గోడ వెంట మట్టి పొర కడుతుంది. రేకులు పూర్తిగా విడిపోయి ఒకదానిపై ఒకటి ఒత్తుగా పరుచుకుంటే నీరు వెళ్లే దారులు మూసుకుపోతాయి. పొర నెమ్మదిగా కడుతుంది, గట్టిగా పెళుసుగా ఉంటుంది, అచ్చు విప్పేటప్పుడు పగులుతుంది. బిగువు మరీ ఎక్కువైతే పొర మెత్తగా ఉండి, అచ్చు విప్పగానే కుంగుతుంది. అందుకే కావాలనే సిలికేట్‌ను పూర్తి మోతాదుకు కాస్త ఇవతలే ఆపుతాం. పొర కట్టే వేగం కూడా సమయంతో పాటు తగ్గుతూ పోతుంది. అరగంటలో 5 మిల్లీమీటర్లు కడితే 10 మిల్లీమీటర్లకు రెండు గంటలు పడుతుంది, ఎందుకంటే కట్టిన పొరను దాటుకునే నీరు అచ్చును చేరాలి.

ముందు తూచాలి

"బాబూ, స్లిప్ దిగట్లేదు, కాసిని నీళ్లు కొట్టించనా?" మా కాస్టింగ్ మేస్త్రి గారు అడిగే ప్రశ్న ఇది. పీస్ లెక్కన కూలీ వచ్చే మనిషికి ధార ఆగితే ఆరోజు సంపాదన ఆగినట్టే. ఆ తొందరలో అన్యాయమేమీ లేదు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: "ముందు తూద్దాం మేస్త్రి గారూ."

లీటరు బరువు 1800 దాటి 1820కి పోయిందా, అప్పుడు నిజంగానే నీరు తగ్గింది, పోయొచ్చు. బరువు అలాగే ఉండి జారుడు తగ్గిందా, అప్పుడు కారణం వేరే చోట వెతకాలి. ఎండాకాలం బోరు అడుగంటి నీటి కాఠిన్యం పెరిగి ఉండొచ్చు. కొత్తగా దిగిన క్లే లారీలో సల్ఫేట్లు ఎక్కువ ఉండొచ్చు. అలాంటప్పుడు కాస్త బేరియం కార్బనేట్ వేస్తే సల్ఫేట్ కరగని ముద్దగా కింద పడుతుంది. అచ్చుల నుంచి గీకిన తుక్కును మళ్లీ స్లిప్‌లో కలిపితే దానితో ప్లాస్టర్ కూడా వస్తుంది. ప్లాస్టర్ అంటేనే కాల్షియం సల్ఫేట్. చలికాలం తెల్లవారుజామున వేడి తగ్గడమే కారణం కావచ్చు. 20 డిగ్రీల దగ్గర ఉన్న నీటి చిక్కదనం 40 డిగ్రీలకు మూడో వంతు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నానికీ జనవరి ఉదయానికీ ఒకే మోతాదు ఎలా సరిపోతుంది?

వీటిలో ఏ జబ్బుకూ నీరు మందు కాదు. అనవసరంగా పోసిన ప్రతి లీటరు నీటినీ అచ్చు పీల్చాలి. అచ్చులు త్వరగా తడిసి నానతాయి, రోజుకు వచ్చే పీసులు తగ్గుతాయి. పల్చటి స్లిప్‌లో పలుగురాయి రేణువులు అడుగుకు చేరతాయి. వస్తువు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుని మూలల్లో చీలుతుంది. ధార కోసం పోసిన నీళ్లే చివరికి మేస్త్రి గారి పీసుల్లోంచి కోత పెడతాయి.

ఇదే శాస్త్రం, ఎన్నో చోట్ల

టైల్స్ ఫ్యాక్టరీల్లో స్లిప్‌ను వేడిగాలిలోకి చిమ్మి పొడి చేస్తారు. వెయ్యి కిలోల పొడి ఉన్న స్లిప్‌లో నీరు 35 శాతమైతే 538 కిలోలు, 32 శాతమైతే సుమారు 470 కిలోలు. మూడు శాతం తగ్గిస్తే టన్నుకు 68 కిలోల నీటిని ఆవిరి చేసే ఇంధనం మిగులుతుంది. గుజరాత్‌లోని మోర్బీలాగా వందల ఫ్యాక్టరీలున్న చోట ఈ ఆదా ఎంతవుతుందో, ఎంత పొగ తగ్గుతుందో ఊహించుకోవచ్చు. టైలు మీద బొమ్మ అచ్చేసే ఇంక్‌జెట్ యంత్రాల్లో ఉన్నదీ సిరామిక్ రంగు కణాలు కలిపిన ద్రవమే. కణం మైక్రాన్ దాటితే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. మన ఫోన్లలో వందల సంఖ్యలో ఉండే బుల్లి కెపాసిటర్లు బేరియం టైటనేట్ స్లిప్‌ను కాగితంకన్నా పల్చగా పరిచి తయారుచేసినవి. విమాన ఇంజిన్ బ్లేడ్లు పోతపోసే అచ్చులు కూడా మైనపు నమూనాను సిరామిక్ ద్రవంలో పదేపదే ముంచి కట్టినవే. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ తయారుచేసిన 60 సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు చేరాయి.

ఇంత విలువైన విద్యకు చిన్న యూనిట్లలో కావాల్సిన సామాను చాలా తక్కువ. ఒక లీటర్ డబ్బా, ఒక తక్కెడ, థర్మామీటరు, అడుగున కొలిచి చేసిన రంధ్రమున్న ఫోర్డ్ కప్పు, స్టాప్‌వాచ్, ఒక రిజిస్టరు. ప్రతి షిఫ్టులో బరువు, వేడి, కప్పు ఖాళీ అవడానికి పట్టిన సెకన్లు, వాడిన సిలికేట్ రాసిపెట్టాలి. క్లే లారీ ఏరోజు మారిందో, నీళ్లు ఏ బోరువో కూడా రాయాలి. కొన్ని నెలల తర్వాత ఆ పేజీలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని సంగతులు చెబుతాయి. తమ మట్టి, తమ నీరు, తమ వాతావరణం కలిస్తే స్లిప్ ఎలా ప్రవర్తిస్తుందో అవి చెబుతాయి. యజమానులకు నా విన్నపం ఒక్కటే. ఆ కొలతకు పట్టే పది నిమిషాలను వృథా సమయంగా లెక్కకట్టకండి. ఆ రిజిస్టరు రాసే కుర్రాడికి అందులోని అంకెల అర్థం కూడా నేర్పించండి. అర్థం తెలిసినవాడి చెయ్యి నీళ్ల పైపు మీదికి పోయే ముందు తక్కెడ దగ్గరికి పోతుంది.