పడవ మోటారు నీరసించింది, ఎందుచేత?

కొన్నేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతి పిల్లల్ని కాకినాడ తీరానికి ఎదురుగా వున్న హోప్ ఐలాండుకు తీసుకువెళ్లాను. మాది ఒక ఫైబరు పడవ. దాని వెనక చెక్కకు తగిలించిన 10 అశ్వశక్తుల మోటారు. నడిపేది అరవై ఏళ్లు దాటిన ఒక సరంగు. అందరమూ లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాము. సాయంత్రం తిరుగు ప్రయాణమయ్యాము. కొంతసేపు పడవ బాగానే నడిచింది. తరువాత మోటారు చప్పుడు సన్నగిల్లసాగింది. పిడిని చివరిదాకా తిప్పినా పడవ నత్తలా కదులుతోంది. పొద్దు వాలుతోంది. ఒడ్డు ఇంకా దూరంగానే వుంది. పిల్లలు నా ముఖంలోకి చూశారు. నేను సరంగు ముఖంలోకి చూశాను.

"ప్లగ్గు పోయిందంటావా?" అని అడిగాను. మోటార్ల గురించి నాకు తెలిసిన మాట అదొక్కటే.

"ముందు చెవితో చూద్దామండి మేష్టారూ. చెయ్యి తరవాత పెడదాం" అన్నాడాయన.

పానా ముట్టుకోకుండానే అయిదు నిమిషాలలో ఆయన జబ్బు కనిపెట్టాడు. ఆ పద్ధతిలో ఎంత సైన్సు వున్నదో ఇప్పుడు చెప్పుకుందాం.

మోటారులో ఏమేమి వుంటాయి?

ఇంజనును పడవ లోపల అమర్చకుండా వెనక వైపు బయట తగిలిస్తే దానిని అవుట్‌బోర్డు మోటారు అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్రూడ్ 1909లో ఇలాంటి మోటార్లను అమ్మడం మొదలుపెట్టాడు. వాటి శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లని మీరు చదువుకున్నారు కదా! ఆ లెక్కన మా పడవ మోటారు శక్తి 7,460 వాట్లు.

ఈ మోటారులో పైన ఇంజను వుంటుంది. దాని నుంచి కిందికి నిలువుగా ఒక ఇరుసు దిగుతుంది. అడుగున, నీటిలో, పళ్లచక్రాలూ పంకా వుంటాయి. ఇంజను నిమిషానికి 5,000 సార్లు తిరిగితే, పళ్లచక్రాల అమరిక వల్ల పంకా దాదాపు అందులో సగం సార్లు తిరుగుతుంది.

సిలిండరులో పెట్రోలు ఆవిరీ గాలీ కలుస్తాయి. ముషలకం ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. ప్లగ్గు నుంచి నిప్పురవ్వ రాగానే అది మండుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు, గాలి, నొక్కుడు, నిప్పురవ్వ - ఈ నాలుగింటిలో ఏది తగ్గినా శక్తి తగ్గుతుంది. పుట్టిన శక్తి సరిగా నీటికి చేరకపోయినా పడవ నీరసిస్తుంది.

చెవి చెప్పిన సంగతి

సరంగు మొదట చప్పుడు విన్నాడు. ఎందుకంటే పడవ మందగించినప్పుడు రెండు రకాలుగా జరగవచ్చు.

ఒకటి: ఇంజను గట్టిగా గీపెడుతుంది, పడవ మాత్రం కదలదు. అంటే ఇంజను ఆరోగ్యంగానే వుంది, పంకా నీటిని సరిగా నెట్టడం లేదు. పంకా రెక్క విరిగి వుండవచ్చు. పంకా మధ్యనున్న రబ్బరు తొడుగు జారిపోతూ వుండవచ్చు. లేదా మోటారును మరీ ఎత్తుగా తగిలించడం వల్ల పంకా నీటితోపాటు పైనున్న గాలిని కూడా లాక్కుంటూ వుండవచ్చు. గాలి నీటికంటే ఎంతో పలుచన. దానిని వెనక్కి నెడితే పడవకు ముందుకు వచ్చే తోపు చాలా తక్కువ. న్యూటన్ మూడవ నియమం గుర్తు తెచ్చుకోండి.

రెండు: పడవతోపాటు ఇంజను చప్పుడు కూడా తగ్గిపోతుంది. అప్పుడు ఇంజనులోనే శక్తి పుట్టడం లేదన్నా అనుకోవాలి, దాని మీద బరువు ఎక్కువైందన్నా అనుకోవాలి. పంకాకు వల తాళ్లు చుట్టుకున్నా, పడవలోకి నీరు చేరినా, పడవ అడుగున నత్తగుల్లలూ నాచూ పెరిగినా బరువు ఎక్కువవుతుంది.

మాకు జరిగింది రెండోది. సరంగు మోటారును పూర్తిగా ఆపి, పైకి వంచి పంకాను చూశాడు. తాడు లేదు, నాచు లేదు. పడవలో నీరూ లేదు. ఒక అనుమానం తీరింది.

కన్ను చెప్పిన సంగతి

మళ్లీ మోటారు వేసి దాని వెనక భాగం చూశాడు. నడుస్తున్న మోటారు నుంచి ఒక సన్నని నీటిధార పిచికారీలా బయటికి వస్తూ వుంటుంది. అది ఇంజనును చల్లబరిచే నీరు. మోటారు అడుగు భాగంలోని ఒక చిన్న రబ్బరు చక్రం సముద్రపు నీటిని పైకి తోడుతుంది. ఇసుక వల్ల ఈ చక్రం అరిగినా, లోపలి దారులలో ఉప్పు పేరుకున్నా ధార సన్నబడుతుంది. అప్పుడు ఇంజను వేడెక్కుతుంది. వేడికి ముషలకం వ్యాకోచించి సిలిండరు గోడలను ఒరుసుకుంటుంది. చాలా కొత్త మోటార్లు ఇలా వేడెక్కినప్పుడు ప్రమాదం రాకుండా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి కూడా. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు వుంటాయి. అందుకే ఇంటికి చేరాక మంచినీటితో మోటారును కడగాలి.

మా మోటారు ధార బలంగానే వుంది. రెండో అనుమానమూ తీరింది.

చెయ్యి చెప్పిన సంగతి

పెట్రోలు టాంకు నుంచి మోటారుకు వెళ్లే గొట్టం మధ్యలో నిమ్మకాయకంటే కాస్త పెద్దదైన రబ్బరు బుడ్డి వుంటుంది. మోటారు వేసే ముందు దానిని చేతితో నొక్కి పెట్రోలును పైకి పంపుతారు. సరంగు దానిని పట్టుకుని చూసి తల పంకించాడు. అది చప్పిడిగా నొక్కుకుపోయి వుంది. అంటే మోటారు పెట్రోలును పీలుస్తున్నది, టాంకు ఇవ్వడం లేదు! ఆయన చెయ్యి గొట్టం వెంబడే టాంకు మూత దాకా వెళ్లి ఆగింది.

"మేష్టారండీ, ఈ గాలి మర ఎవరు బిగించారండీ?"

ఎవరో కాదు, నేనే! పెట్రోలు వాసనకు పిల్లలకు వికారంగా వుంటుందని, బయలుదేరిన కాసేపటికి మూత మీద వదులుగా వున్న చిన్న మరను గట్టిగా తిప్పాను. సరంగు దానిని రెండు చుట్లు వదులు చేయగానే "స్‌స్‌" మని గాలి లోపలికి పోయింది. బుడ్డి ఉబ్బింది. దానిని నాలుగుసార్లు నొక్కేసరికి మోటారు పాత గొంతుతో పాట అందుకుంది.

ఇందులో కిటుకు ఏమిటి? కిరాణా కొట్టులో నూనె డబ్బాకు రెండు చిల్లులు పెట్టడం చూశారు కదా! ఒక చిల్లు నుంచి నూనె వస్తుంది, రెండోదాని నుంచి గాలి లోపలికి పోతుంది. ఈ సంగతి నేను ఏటా తరగతిలో చెబుతూనే వున్నాను. అయినా పడవలో రెండో చిల్లు నా చేతులతోనే మూశాను!

లెక్క కట్టి చూద్దాం. 24 లీటర్ల టాంకులో సగం పెట్రోలు, సగం, అంటే 12 లీటర్లు, గాలి వున్నదనుకోండి. మర బిగించాక ఒక లీటరు పెట్రోలు ఖర్చయితే ఆ గాలి 13 లీటర్లకు వ్యాపించాలి. పెట్రోలు ఆవిరి సంగతి పక్కన పెడితే, బాయిల్ నియమం ప్రకారం దాని పీడనం 13లో 12వ వంతుకు పడిపోతుంది. అంటే దాదాపు 8 శాతం తగ్గుదల. ఇది సుమారు ఒక మీటరు ఎత్తు పెట్రోలు పీడనానికి సమానం. మోటారులోని చిన్న పంపుకు టాంకు ఒక్కసారిగా మరో మీటరు లోతుకు దిగిపోయినట్లే! పెట్రోలు చాలక మిశ్రమం పలచబడి, ఇంజను నీరసించింది.

మర వదులుగానే వుండి వుంటే?

అప్పుడు సరంగు మరి రెండు సంగతులు చూసేవాడు. మొదటిది పెట్రోలులో నీరు. పెట్రోలు నీటికంటే తేలిక కనుక నీరు టాంకు అడుగుకు చేరుతుంది. గొట్టం పీల్చేది కూడా అడుగు నుంచే. ఇప్పుడు మన పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. అది నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పొరగా నిలుస్తాయి.

రెండోది ప్లగ్గు. దాని కొన బిస్కట్టు రంగులో వుంటే మంట సరిగా వున్నట్లు. నల్లగా తడిగా వుంటే ఆ సిలిండరులో మంట సరిగా లేనట్లు. రెండు సిలిండర్ల ఇంజనులో ఒక ప్లగ్గు ఆగిపోతే శక్తి సగానికంటే ఎక్కువే పోతుంది. పనిచేసే సిలిండరు, పనిచేయని దానిని కూడా మోయాలి కదా!

ఈ సరంగు బడికి వెళ్లినవాడు కాదు. అయినా ఒక్కొక్క అనుమానాన్నీ విడిగా పరీక్షించి, తేలికగా చూడగలిగినదానిని ముందు చూసి, తీరినదానిని పక్కన పెట్టాడు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేసేదీ ఇదే. నేనైతే ముందే ప్లగ్గు విప్పి వుండేవాణ్ణి. ఆ అలల మీద అది చెయ్యి జారి నీళ్లలో పడితే మా గతి ఏమయ్యేది?

మీరు చేసి చూడండి

మోటారు జోలికి, పెట్రోలు జోలికి పెద్దలు లేకుండా వెళ్లకండి. తిరిగే పంకా దగ్గర చెయ్యి పెట్టకండి. దీనిని మంచినీళ్లతోనే పరీక్షించవచ్చు. ఒక గాజు సీసాలో సగం నీరు పోసి, స్ట్రా దించి, సీసా మూతిని గోధుమపిండి ముద్దతో గాలి దూరకుండా మూయండి. స్ట్రాతో నీరు పీల్చండి. తరువాత ముద్దలో ఒక చిల్లు పొడిచి మళ్లీ పీల్చండి. తేడా మీకే తెలుస్తుంది. గాజు సీసాకు బదులు పలుచని ప్లాస్టిక్ సీసా వాడితే ఏమవుతుంది? ఆ సీసా మా పడవలోని ఏ భాగాన్ని మీకు గుర్తు చేస్తుంది? ఆలోచించండి.